కృష్ణమ్మ ఏరిన పెద్ద గింజలు

సైదాబాద్ క్వార్టర్ల వీధుల్లో కృష్ణమ్మ దగ్గర కొత్తిమీర కొననివాళ్లు లేరనడం అబద్ధం. బేరమాడే అలవాటున్నవాళ్లు ఒకసారి కొని మానేశారు. ఇంకో రెండు కాడలు వెయ్యమని ఎవరైనా అన్నారంటే ఆమె కట్టను తిరిగి గంపలోకి లాక్కుని, గంప నెత్తిన పెట్టుకుని, వెనక్కి చూడకుండా పోయేది. మిగిలినవాళ్లు మాత్రం పొద్దున్నే గుమ్మాల్లో ఆమె కోసం కాచుకునేవారు. ఆమె గొంతు వినపడకముందే వీధి మలుపులోంచి కొత్తిమీర వాసన వచ్చేదని కమలకుమారి గారు అంటుండేవారు. ఆవిడది కృష్ణా జిల్లా, భర్త శ్రీహరిరావు ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. ఏ సంగతైనా కాస్త పెంచి చెప్పడం ఆవిడకు అలవాటే గానీ, ఈ వాసన విషయంలో మాత్రం ఉన్నదే చెప్పారు.

ఇది తొంభైలనాటి మాట. మూసారాంబాగ్ వంతెనకు దిగువన మూసీ ఒడ్డు పొడవునా ఆకుకూరల మడులుండేవి. పాలకూర, తోటకూర, మెంతికూర, అన్నిటికంటే ఎక్కువగా కొత్తిమీర. ఆ నేల ఎవరి పేరున ఉందో అడిగినవాళ్లూ లేరు, చెప్పినవాళ్లూ లేరు. అత్త చేసింది కాబట్టి కోడలు చేసేది. మూసీ నీళ్ల గురించి వేరే చెప్పాలా? ముక్కు మూసుకుని వంతెన దాటే పెద్దమనుషులే ఇంటికెళ్లి, ఆ వంతెన కింద పండిన కొత్తిమీరను చారులో వేసుకుని లొట్టలేసేవారు. అది తలుచుకున్నప్పుడల్లా కృష్ణమ్మకు నవ్వొచ్చేది.

ఆ ఒడ్డున విత్తనం కొనడమంటే నామోషీ. చలికాలం పంటలో ఒక మడిని కొయ్యకుండా వదిలేసేవారు. అది పువ్వు పూసి, కాయ కట్టి, ఎండాక కొట్టి ధనియాలు తీసుకునేవారు. ధనియమంటే రెండు గింజలు అతుక్కున్న కాయ. అలాగే చల్లితే సరిగ్గా మొలవదు. గోనెసంచి మీద పరిచి, చెప్పుకాలితో మెల్లగా నలిపితే రెండు బద్దలుగా విడిపోతుంది. ఎంత నొక్కాలో కాలికి తెలియాలి. కృష్ణమ్మ భర్త మొగులయ్యకు ఆ కాలు ఉండేది. మెత్తని మనిషి, మెత్తని అడుగు. ఎవరేం అడిగినా లేదనలేకపోవడం ఆయనకున్న ఒకే ఒక్క జబ్బని కృష్ణమ్మ పదిమందిలో అనేది, ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆమెకు పేరు తెచ్చినవి ఆమె కళ్లు. ధనియాలు చేటలో పోసుకుని, ఎండలో కాళ్లు చాపుకుని కూర్చుని, పెద్ద గింజలన్నీ ఒక పక్కకు ఏరేది. పెద్ద గింజ విత్తనానికి, చిన్న గింజ కూరలోకి. ఏళ్ల తరబడి అలా ఏరీ ఏరీ ఆమె ధనియం ఆ ఒడ్డునే ప్రత్యేకమైనదైంది. విత్తనం కావాలని ఎవరొచ్చినా లేదనకూడదు, డబ్బు పుచ్చుకోకూడదు, ఇచ్చేటప్పుడు పెద్ద గింజే ఇవ్వాలి. ఇది అక్కడివాళ్ల కట్టుబాటు. చిన్న గింజ ఇస్తే ఇచ్చినవాళ్ల మనసు చిన్నదని చెప్పుకునేవారు. కూరగాయల బేరంలో ఒక్క కాడ వదలని కృష్ణమ్మ, విత్తనం దగ్గరికొచ్చేసరికి అడిగినవాళ్ల కొంగు నిండేదాకా పోసేది.

ఆమెకొక తమ్ముడు, పేరు రాజన్న. తల్లి పోయేనాటికి వాడు ఇంకా చిన్నవాడు, కృష్ణమ్మ కొత్త కోడలు. పుట్టింటి నుంచి సారెకు బదులు తమ్ముణ్ని తెచ్చుకుందని అత్త దెప్పేది. వాడు పెద్దయ్యాక అఫ్జల్‌గంజ్‌లో వైకుంఠం సేఠ్ దుకాణంలో హమాలీగా కుదిరాడు. ధనియాలు, మిరపకాయలు, జీలకర్ర బస్తాలు లారీల మీంచి దించి గోదాములో పేర్చడమే పని. ముప్పై దాటేసరికి నడుము పట్టేసింది. పొద్దున లేవగానే గోడ పట్టుకుని నిలబడేవాడు. తనకూ ఒక మడి ఉంటే ఈ మూటలు మానేస్తానని ఎప్పుడూ అంటుండేవాడు. వాడి నడుము పూర్తిగా వంగిపోకముందే వాడికొక మడి దొరకాలని కృష్ణమ్మ వాడికంటే ఎక్కువగా కోరుకుంది. ఆమెకు పిల్లలు లేరు. కోరికంటూ ఉన్నది ఇదొక్కటే.

రెండువేల సంవత్సరం ఆగస్టులో పడిన వాన నగరంలో అందరికీ గుర్తే. మూసీ ఒక్కసారిగా లేచి మడులన్నీ కప్పేసింది. గుడిసెలో అటక మీద పెట్టిన విత్తనాల కుండ కూడా దక్కలేదు. నీళ్లు తీశాక చూస్తే మోకాలి లోతు ఒండ్రు తప్ప ఏమీ లేదు. ఒడ్డున ఎవరి దగ్గరా గింజ మిగల్లేదు. ఎన్నేళ్లుగానో ఏరుకున్న ధనియం పోయిందని కృష్ణమ్మ ఇల్లు పోయినదానికంటే ఎక్కువ ఏడ్చింది.

రాజన్న సేఠ్‌ను అడిగి, ఉత్తరాది నుంచి వచ్చిన ధనియాలు ఒక మూట తెచ్చాడు. వైకుంఠం మంచివాడే, ముందే చెప్పాడు, అవి తినడానికి తెప్పించినవి, మొలుస్తాయో లేదో తనకు తెలియదని. కృష్ణమ్మ వాటిని చేటలో పోసుకుని కూర్చుంది. అక్కడక్కడా కొన్ని గింజలు మామూలు ధనియానికి మూడింతలున్నాయి. కొన్ని గుండ్రంగా కాక, లవంగంలా సాగి, ఉబ్బి ఉన్నాయి. అంత పెద్ద గింజ పుట్టినప్పటి నుంచి ఆమె చూడలేదు. పోయిన కుండకు బదులు గంగమ్మే పంపిందనుకుంది. ఒక్కటీ వదలకుండా ఏరి, వేరే పెట్టి, విత్తనానికి వదిలే మడిలో చల్లించింది.

ఆ చలికాలం ఆ మడిలో కొన్ని మొక్కల కాడలకు నేల దగ్గర చిన్న చిన్న బుడిపెలు లేచాయి. ఒండ్రు బలమనుకుంది. కాయలు కట్టినప్పుడు చూస్తే పెద్ద గింజలు పోయినసారికంటే ఎక్కువున్నాయి. ఆ ఏడు ఒడ్డున విత్తనం ఉన్నది ఆమె ఒక్కదాని దగ్గరే. కొంగు పట్టుకుని వచ్చిన ప్రతి ఒక్కరికీ పోసింది. బాగా కావలసినవాళ్లకు ఆ లవంగంలాంటి గింజలు ఎక్కువ కలిపి పోసింది. ఆ వారమంతా ఆమె ముఖం పెళ్లివారి ముఖంలా ఉంది.

మరుసటి చలికాలానికి ఒడ్డంతా బుడిపెలే. కాడల మీద, ఆకు ఈనెల మీద, ఎక్కడ చూసినా పొక్కులు లేచినట్టు ఉబ్బులు. మొక్క వంకర్లు తిరిగి గిడసబారింది. యాకుత్‌పురాలో పెళ్లివంటలు చేసే ఖాదర్ మియా ఏళ్ల తరబడి కృష్ణమ్మ కొత్తిమీరే గంపలకు గంపలు తీసుకుపోయేవాడు. ఆ రోజు కట్ట విప్పి, కాడ మీద వేలు పెట్టి తడిమి చూశాడు. "యే క్యా కృష్ణమ్మా, కొత్మీర్ కు గాంఠాఁ ఆయే," కొత్తిమీరకు గడ్డలొచ్చాయేమిటని, కట్టను మెల్లగా ఆమె గంపలోనే పెట్టేశాడు. కోపంగా విసిరేసినా ఆమె తిరిగి నాలుగు మాటలనేది. ఆయన అంత నెమ్మదిగా పెట్టేసరికి తల కొట్టేసినట్లయింది.

కమలకుమారి గారు ఒక కట్ట తీసుకెళ్లి భర్తకు చూపించారు. శ్రీహరిరావు గారి ఉద్యోగమే మొక్కల తెగుళ్ల మీద పరిశోధన. ఇంట్లో కూరగాయలు తరిగేటప్పుడు కూడా పుచ్చు వంకాయ కనపడితే పారెయ్యనివ్వరని ఆవిడ ఫిర్యాదు. ఆ ఆదివారం ఆయన భూతద్దం జేబులో వేసుకుని మడి దగ్గరకే వచ్చారు. ఇస్త్రీ ప్యాంటుతో బురదలో గొంతుక్కూర్చుని, బ్లేడుతో ఒక బుడిపెను అడ్డంగా కోసి చూసి, చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. పుస్తకాల్లో చదివిందే గానీ ఈ వైపు ఎప్పుడూ చూడలేదట. దాని పేరు ప్రోటోమైసిస్ అని చెప్పారు. ఆ సంబరం చూసి కృష్ణమ్మకు ఒళ్లు మండింది. తన మడి తగలబడుతుంటే మంట రంగు బాగుందన్నట్లుంది ఆ మనిషి వాలకం.

తర్వాత ఆయనకే సిగ్గేసినట్టుంది. గట్టు మీద కూర్చుని, ఆమెకు తెలిసేలా అంతా వివరించారు. ఇది ఒక జాతి బూజు. సంచుల్లో బీజాలు పెట్టే బూజుల వంశంలో చాలా పాతకాలంది. పెద్ద పెద్ద శాఖలన్నీ ఇంకా పుట్టకముందే విడిపోయి వేరుగా బతికిన శాఖ. మిగతా బూజులు తమ బీజాలకు చిన్నదో పెద్దదో ఒక ఇల్లు కట్టుకుంటాయి, దీనికి ఆ ఇల్లు కూడా లేదు. కొత్తిమీర కాడే దాని ఇల్లు. లోపల చేరి కాడను ఉబ్బిస్తుంది. ప్రతి ఉబ్బులోనూ మందపాటి గోడలున్న బీజాలు వేలకొద్దీ ఉంటాయి. మొక్క కుళ్లితే అవి నేలలో పడి నిద్రపోతాయి. నీళ్లు తగిలి సమయం వచ్చినప్పుడు ఒక్కొక్కటీ పొంగి, సంచి చిట్లి, సన్న బీజాలు బయటపడి, పారే నీళ్లతో పక్క మడికీ పోతాయి. అవి నాన్ రొట్టెల పిండిలో దాన్ని పొంగించే ఖమీరు పెరిగినట్టు మొగ్గలు వేసి పెరిగి, మళ్లీ లేత కొత్తిమీరను వెతుక్కుంటాయి. దీని దాయాదుల్లో ఒకటి మనుషుల ఊపిరితిత్తుల్లో కాపురముంటుందట. అది చెప్పేటప్పుడు మళ్లీ ఆయన కళ్లు మెరిశాయి.

కృష్ణమ్మ అన్నీ విని, మందేమిటని అడిగింది. విత్తనం శుభ్రమైనది తెచ్చుకుని, మందు పట్టించి వేస్తే విత్తనంతో వచ్చేది ఆగుతుందన్నారు. మరి నేలలో ఉన్నది? ఆయన మడి వైపు తిరిగారు.

"నేలలో ఏళ్లపాటు అలా పడి ఉంటుందమ్మా. ఎన్నేళ్లో నేను చెప్పలేను. ఈ మడిలో మాత్రం కొత్తిమీర వెయ్యకండి."

ఇంకొక మాట కూడా ఆయన చెప్పారు, చెప్పకపోతే బాగుండేది. లవంగంలా ఉబ్బిన ఆ పెద్ద గింజలు గింజలే కావు, రోగం నిండిన తిత్తులు. వాటిని మంచి గింజల్లో కలిపి చెప్పుకింద నలిపితే ఆ పొడి ప్రతి గింజకూ అంటుకుంటుంది. కృష్ణమ్మ తన చేతివేళ్ల వంక చూసుకుంది. ఏరి, ఏరి, కావలసినవాళ్లకు ఎక్కువ కలిపి పోసిన వేళ్లు. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు.

మర్నాటి నుంచి ఒడ్డున అందరి దగ్గరికీ వెళ్లి, రోగం తన గింజలతోనే వచ్చిందని చెప్పింది. ఒక్కరూ నమ్మలేదు. ఎగువన ఫ్యాక్టరీలు వదిలే నీళ్లవల్ల వచ్చిందని అందరూ అప్పటికే ఒక మాట మీద ఉన్నారు. పెద్ద గింజ వల్ల రోగమొస్తుందంటే నవ్వారు. ఆమె మరీ పట్టుబట్టి చెబితే, పోయిన వరదకు కృష్ణమ్మ మనసు కొంచెం చెదిరిందని జాలిపడ్డారు. ఎవరైనా నాలుగు తిట్టినా ఆమెకు కాస్త తేలికయ్యేది. తిట్టేవాళ్లు కూడా లేకపోవడంతో ఆ బరువు ఎక్కడ దించాలో ఆమెకు తెలియలేదు. ఒక్కొక్కరే కొత్తిమీర మానేసి బర్రెల గడ్డి వేసుకున్నారు. రెండేళ్లు తిరిగేసరికి వంతెన మీంచి చూస్తే గడ్డే తప్ప కొత్తిమీర కనపడలేదు. కృష్ణమ్మ పాలకూర గంపతో సైదాబాద్ వీధుల్లో తిరిగేది. బేరమాడితే ఇప్పుడు ఒప్పుకునేది.

బుడిపెలు లేచిన ఆ పంట ఎండాక శ్రీహరిరావు గారు పరీక్షల కోసం బాగా ఉబ్బిన గింజలు కొన్ని ఏరి పెట్టమన్నారు. కృష్ణమ్మ చేట ముందేసుకుని కూర్చుని ఆ పనీ చేసింది. చేతికి అలవాటైన పనే కాబట్టి బహు చక్కగా ఏరింది. మూతున్న స్టీలు డబ్బాలో పోసి, వరద తర్వాత మళ్లీ వేసుకున్న గుడిసెలో అటక మీద పెట్టింది. ఆయన ఇంతలో ఆఫీసు పని మీద ఉత్తరాదికి వెళ్లి కొన్ని నెలలు రాలేదు. డబ్బా అక్కడే ఉండిపోయింది.

ఆ ఏటి వానాకాలం చివర్లో రాజన్న నవ్వు ముఖంతో వచ్చాడు. ఉప్పల్ దిగువన, మూసీ కాలువ కింద, ఒకాయన తన చేలో ఒక చెక్క దున్నుకొమ్మని ఇచ్చాడట. అక్కడ మడి పక్క మడిలో అందరూ కొత్తిమీరే వేస్తారట. సేఠ్ దగ్గర పని మానేశాడు. నేల చదును చేశాడు. విత్తనమే కావాలి.

కృష్ణమ్మకు పట్టరాని సంతోషం కలిగింది, ఆ వెంటనే భయం వేసింది. తమ్ముణ్ని కూర్చోబెట్టి రోగం సంగతంతా చెప్పింది. తన ఇంట్లో గింజ ఏదీ ముట్టవద్దంది. శ్రీహరిరావు సార్ రాగానే మందు కలిపిన మంచి విత్తనం ఇప్పిస్తానంది. రాజన్న వింటూ వింటూ మొదట నవ్వాడు, తర్వాత నవ్వు మానేశాడు. మొదటి మడికి తోబుట్టువు చేతి గింజ కాకుండా ఎవరో సార్ ఇచ్చే గింజ చల్లాలా?

"ఊరందరికీ ఇచ్చినవ్ అక్కా. నాకియ్యనీకి నీకు చెయ్యి రాలేదు గదా."

"నీ మడి ఖరాబైతదిరా. గది నేను చూడలేను. జర సార్ వచ్చేదాంక ఆగు."

"అదును పోతది. ఆగనీకి అది బస్తానా?" అని లేచాడు. చాయ్ తాగమన్నా వినలేదు. గడప దాటేటప్పుడు అలవాటు ప్రకారం గోడ పట్టుకున్నాడు గానీ అక్క వంక చూడలేదు. ఆమె గుండె చెరువైంది. అయినా ఇవ్వకపోవడమే మంచిదని తనకు తాను చెప్పుకుంది. పుట్టి బుద్ధెరిగాక విత్తనం అడిగినవాళ్లకు లేదనడం ఆమెకు అదే మొదలు.

ఆమె మరునాడు గంప ఎత్తుకుని పోయాక మొగులయ్య ఒక్కడే ఇంట్లో కూర్చుని ఆలోచించాడు. బామ్మర్ది ముఖం ఆయన కళ్లముందు నుంచి పోవడం లేదు. ఆ ఒడ్డున అందరిలాగే, రోగం మాట భార్య మనసులో బెంగేనని ఆయన కూడా లోపల అనుకున్నాడు. అటక మీద డబ్బా దించి మూత తీస్తే, జన్మలో చూడనంత పెద్ద గింజలు, ఒక్క చిన్నది కూడా కలవకుండా ఏరినవి. సార్ కోసమని ఆమె చెప్పిందో లేదో, చెప్పినా ఆయన విన్నాడో లేదో. తమ్ముడి కోసమే దాచిపెట్టి, ఏదో కోపంలో ఇవ్వలేదని మాత్రం ఆయనకు గట్టిగా తోచింది. డబ్బా కండువాలో కట్టుకుని ఉప్పల్ బస్సెక్కాడు. అక్కాతమ్ముళ్ల మధ్య మాట కలిపానని ఆ రోజు ఎంత తృప్తిగా ఇంటికొచ్చాడో చెప్పలేం.

శ్రీహరిరావు గారు ఉత్తరాది నుంచి రాగానే డబ్బా కోసం వచ్చారు. కృష్ణమ్మ అటకంతా వెతుకుతుంటే, మొగులయ్య నవ్వుతూ, అది చేరవలసిన చోటికి చేరిందని చెప్పాడు. ఎక్కడికని ఆమె అడిగింది. ఆయన చెప్పాడు. ఆమె వెతకడం ఆపి కిందికి దిగింది. భర్తను ఒక్క మాట అనలేదు. ఆ మంచితనాన్ని ఏమని తిట్టాలి? ఎవరి ముఖం చూసి ఆయన ఆ పని చేశాడో ఆమెకు తెలుసు. తర్వాత సంగతి అర్థమైనప్పుడు మొగులయ్య తన చెప్పులు తీసి తన నెత్తి మీదే కొట్టుకుంటే, ఆమే చెయ్యి పట్టుకుని ఆపవలసి వచ్చింది.

ఆ పూటే ఉప్పల్ వెళ్లింది. అప్పటికే రాజన్న ఆ డబ్బా గింజలను బజారులో కొన్న ధనియాల్లో కలిపి, చెప్పుకింద నలిపి, చల్లేశాడు. మడి నిండా లేత మొలక. ఆకుపచ్చగా, ఒత్తుగా, నీటిబొట్లతో ఎంత అందంగా ఉందో చెప్పలేం. ఆ పచ్చదనం చూసి ఆమెకు ఏడుపొచ్చింది. దున్నెయ్యమంది. మళ్లీ మంచి విత్తనం తెచ్చిస్తాను, తానే వచ్చి చల్లుతానంది. రాజన్న ఆమె వైపు తిరిగాడు.

"నువ్వియ్యకుంటే బావ ఇచ్చిండు. నా మడి పచ్చగుంటే నీకేం కష్టమక్కా?"

ఆ మాట కృష్ణమ్మ జన్మలో మరిచిపోలేదు.

తిరిగొచ్చి శ్రీహరిరావు గారి ఇంటి ముందు నిలబడింది. ఏదైనా చెయ్యండి అంది. ఆయన చదివిన చదువంతా తిరగేసుకున్నా చెప్పగలిగింది కొంచెమే. నీళ్లు తక్కువ పెట్టమనండి, నేల ఆరితే ఒక్కోసారి రోగం లేవకపోవచ్చు అన్నారు. నీళ్లు తక్కువ పెడితే కొత్తిమీర ఏం పెరుగుతుందని ఆమె అడిగింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఏం జరుగుతుందో చెప్పడం తెలుసమ్మా నాకు. ఆపడం తెలీదు," అన్నారు. కమలకుమారి గారు మంచినీళ్లు తెచ్చి ఇస్తే కృష్ణమ్మ తాగలేక గ్లాసు గుమ్మంలో పెట్టి వెళ్లిపోయింది.

ఆ తర్వాత వీలైనప్పుడల్లా తమ్ముడి మడికి వెళ్లేది. కలుపు తీసే నెపంతో వంగి, ఒక్కొక్క కాడను నేల దగ్గర వేలితో తడిమేది. నున్నగా తగిలితే ఊపిరి పీల్చుకునేది. రాజన్న మొదట్లో ముభావంగా ఉన్నా, అక్క అన్నం మానుకుని వచ్చి చాకిరీ చేస్తుంటే ఎన్నాళ్లని బిగబట్టుకుంటాడు? మెల్లగా మాటలు కలిశాయి. నడుము నొప్పి తగ్గిందని, ఇప్పుడు గోడ పట్టుకోకుండానే లేస్తున్నానని ఒకరోజు చెప్పాడు. అది విన్న పూట ఆమె, రోగం రాదేమో, ఒక్కోసారి రాకపోవచ్చన్నారు కదా అని ఆశపడింది. దేవుళ్లందరికీ మొక్కింది.

అక్కడ నీళ్లు వంతుల ప్రకారం వస్తాయి. కాలువ నుంచి రాజన్న మడిలోకి, మడి తడిసి నిండాక చివర గండి గుండా దిగువనున్న పోచయ్య మడిలోకి, అక్కడి నుంచి ఇంకా కిందికి. ఎగువవాడు దిగువవాడికి నీళ్లు ఆపకూడదు. ఆ ఉదయం రాజన్న కాలువ తూము తీసి నీళ్లు వదిలాడు. కృష్ణమ్మ మడి మధ్యలో వంగి ఉంది. నీళ్లు ఆమె కాలివేళ్లను తాకాయి. అప్పుడే ఆమె వేలికి, ఒక కాడ మొదట్లో, నువ్వుగింజంత బుడిపె గట్టిగా తగిలింది. పక్క కాడ చూసింది. దానికీ ఉంది. ఆ పక్కదానికీ. ఒక మొక్క పీకి, మాట్లాడకుండా తమ్ముడి చేతిలో పెట్టింది.

రాజన్న గోరుతో ఆ బుడిపె గిల్లి చూశాడు. వంగి తానే ఇంకో రెండు మూడు పీకాడు. ముఖం నల్లబడింది. ఇక ఆమె చెప్పవలసింది ఏమీ లేదు, వాడు నమ్మాడు.

"ఇయ్యనన్ననాడు నిన్ను మస్తు తిట్టుకున్ననక్కా," అన్నాడు. తిట్టేవాళ్లు కావాలని ఎన్నాళ్లో కోరుకున్న కృష్ణమ్మకు, తమ్ముడు తిట్టకుండా ఇలా అనేసరికి భరించడం కష్టమైంది.

ఇంతలో ఆమె కళ్లు నీళ్ల మీద పడ్డాయి. మడిలో మట్టిని కలుపుకుని, ఎర్రగా, తాపీగా, చివర గండి వైపు సాగిపోతున్నాయి. నేలలో ఉన్నది నీళ్లతోనే పక్క మడికి పోతుందని శ్రీహరిరావు గారు చెప్పింది గుర్తొచ్చింది. గండికి అవతల పోచయ్య కొత్తిమీర, కోతకొచ్చింది. "నీళ్లురా, నీళ్లు," అంటూ ఆమె పరిగెత్తింది. రాజన్న కూడా పరిగెత్తాడు. పార ఎక్కడుందో చూసుకోలేదు. ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని చేతులతోనే బురద తోడి గండిలో వేశారు. వేసింది వేసినట్టు కరిగిపోతోంది. కృష్ణమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఆమె చేతుల మీంచి, రాజన్న వేళ్ల సందుల్లోంచి, నీళ్లు అవతలికి జారాయి. చివరికి రాజన్న పడున్న గోనెసంచి ఒకటి లాక్కొచ్చి కుక్కితే కాస్త నిలిచాయి.

పోచయ్య గట్టు మీద నుంచి చూసి అరుస్తూ వచ్చాడు. ముసలాయన, పొద్దుటి నుంచి వంతు కోసం పార పట్టుకుని కూర్చున్నాడు. తన నీళ్లు ఎందుకు ఆపుతున్నారని అడిగాడు. కృష్ణమ్మ ఆ నీళ్లలో రోగం ఉందంది. బుడిపెలున్న మొక్క చూపించింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మూసీ నీళ్లల్ల లేని రోగం ఎక్కడిది బిడ్డా? నా మడి ఎండుతున్నది. నా వంతు నాకిడువుండ్రి."

ఇంకా ఏదో చెప్పబోయింది గానీ, చెప్పిన కొద్దీ ఆయనకు అది నీళ్ల దొంగతనానికి సాకుగానే వినపడుతోంది. పోచయ్య ఇద్దరినీ పక్కకు తప్పుకోమని, పారతో గోనెసంచి ఎత్తి గట్టు మీద పడేసి, గండి ఇంకాస్త వెడల్పు చేశాడు.

రాజన్న బురద చేతులతో అక్క పక్కనే నిలబడ్డాడు. "ఇప్పుడేం చెయ్యాలె అక్కా?" అని చిన్నప్పుడు అడిగినట్టే అడిగాడు.

కృష్ణమ్మ గండికి అవతలి మడి వంకే చూస్తోంది. నీళ్లు పోచయ్య కొత్తిమీరలోకి పారుతూ, ఒక్కొక్క వరుసనే తడుపుకుంటూ పోతున్నాయి.